భార్యకు వ్రాసిన మాటను భర్త ఎందుకు చదువుచున్నాడు?



మన సంఘములలో పెండ్లి జరుగునప్పుడు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోని 5వ అధ్యాయమును చదువుట వాడుక. ఈసారి పెండ్లికి వెళ్లినప్పుడు దానిని ఎక్కడ మొదలుపెట్టుచున్నారో గమనించుము. సాధారణముగా 22వ వచనము నుండి మొదలుపెట్టుదురు. భార్య భర్తకు లోబడవలెనని చెప్పు వచనమది. ఆ మాట వినబడగానే వరుని పక్షమువారు వధువు వంక చూతురు. పెద్దలు తలలూపుదురు. ప్రసంగీకుడు దానిమీదనే పావుగంట నిలుచును. భర్త భార్యను ఎట్లు ప్రేమింపవలెనో చెప్పు మాట ఆ తరువాత వచ్చును గాని, అప్పటికి భోజనముల వేళ యగును.

22వ వచనమునకు పైన 21వ వచనమున్నది. దానిని పెండ్లిలో చదువగా నీవు ఎన్నిసార్లు వింటివి? విశ్వాసులందరు క్రీస్తును బట్టి ఒకరికొకరు లొంగి నడువవలెనని అపొస్తలుడు అక్కడ చెప్పుచున్నాడు. మిక్కిలి ప్రాచీనమైన గ్రీకు వ్రాతప్రతులలో కొన్నింటియందు 22వ వచనములో లోబడుట అను క్రియాపదమే లేదు. ఆ పదమును పై వచనము నుండియే తెచ్చుకొని చదువుకొనవలెను. ఒక దూలముమీద రెండు వాసములు ఆనియున్నట్లు ఈ రెండు మాటలును కూడియున్నవి. దూలమును లాగివేసి వాసమును మాత్రము నిలువుమనుట ఎక్కడి న్యాయము? పరస్పరము లోబడుటను తీసివేసినయెడల భార్య లోబడుటకు ఆ వాక్యములో ఆధారమే మిగులదు.

తరువాతి సంగతి చూడుము. అపొస్తలుడు భార్యలతో నేరుగా చెప్పినది మూడు వచనములు. భర్తలతో చెప్పినది అంతకు రెండింతలకు మించినది. అది న్యాయమే, రోగము ఎక్కువగా నున్నచోట మందు ఎక్కువ పోయుదురు గదా! ఆ దినములలో భార్యను అణచియుంచుమని రోమా సామ్రాజ్యములోని పురుషునికి ఎవరును చెప్పనక్కరలేదు. లోకము వానికి ఆ అధికారమును ముందే ఇచ్చియున్నది. వానికి ఎన్నడును వినబడని మాట ఒకటే: నీ భార్యకొరకు నీవు చచ్చుటకు సిద్ధముగా నుండుము అనునది. పౌలు ఆ మాట చెప్పెను. ఆ అధ్యాయమంతయు వెదకి చూడుము. నీ భార్యను లోబరచుకొనుమని భర్తకు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటియు లేదు. ప్రేమింపుమను ఆజ్ఞయే మరల మరల కలదు.

నా పోరు ఇదియే. భార్య పేర వచ్చిన ఉత్తరమును భర్త విప్పి, ఆమె యెదుట నిలువబడి, దానిని చదివి వినిపించి, తన పేర వచ్చిన ఉత్తరమును మాత్రము విప్పకయే పెట్టెలో పెట్టుకొనుచున్నాడు. పొరుగువాని ఉత్తరమును విప్పుట మన పల్లెలలో కూడ తప్పే. లోబడుట ఆమె తన ప్రభువునకు తానుగా చెల్లించు కానుక. నీవు ఆమె చేతిలోనుండి గుంజుకొనినయెడల అది కానుక యగునా?

భర్త శిరస్సని చెప్పబడలేదా అని కొందరు వెంటనే లేచి అడుగుదురు. చెప్పబడినది. అయితే శిరస్సు ఏమి చేయునో ఆ అపొస్తలుడే విప్పి చెప్పియుండగా, మనము మన మునసబును, మన జమీందారును తలంచుకొని అర్థము చెప్పుకొననేల? క్రీస్తు సంఘమునకు శిరస్సై ఏమి చేసెను? తన్ను తాను అర్పించుకొనెను. దానిని కడిగెను, పోషించెను, కాపాడెను. అప్పగింపబడిన రాత్రి నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. ఇంటి శిరస్సునని చెప్పుకొను సహోదరుడా, నీ యింట భోజనమైన తరువాత ఎంగిలి కంచము ఎవరు తీయుదురు? చిన్న ప్రశ్నయే. శిరస్సును గూర్చిన వేదాంతమంతయు అక్కడ తెలిసిపోవును.

మరియొక మాట. క్రీస్తు సంఘమును పెండ్లికుమార్తెగా చేసికొన్నప్పుడు కట్నమెంత అని అడిగెనా? ఇచ్చినవాడు ఆయన, పుచ్చుకొన్నది సంఘము. మన యింటిలో ఇది తలక్రిందులైనది. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. నేటికిని క్రైస్తవ కుటుంబములలోనే నగదు ఎంత, బంగారమెన్ని కాసులు, మోటారుబండి ఏది అను బేరము ముగిసిన తరువాతనే ప్రార్థన చేసి నిశ్చయము చేసికొనుచున్నారు. అట్టి బేరములో కూర్చుండి లేచివచ్చిన నోటితోనే ఎఫెసీయుల పత్రికను చదువుదురు. క్రీస్తు వలె ప్రేమింపవలసినవాడు అల్లుడై అమ్ముడుపోయిన దినమున ఆ అధ్యాయములో ఏ వచనము మిగిలియున్నది?

ఇంతకంటె బరువైన సంగతి యొకటి యున్నది. దానిని దాటిపోవుటకు వీలులేదు. త్రాగివచ్చి కొట్టు భర్త యింటినుండి రాత్రివేళ బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన స్త్రీకి మన సంఘములలో ఏమి చెప్పుచున్నారు? అమ్మా, ఓర్చుకొనుము, లోబడియుండుము, నీ ప్రార్థనవలన అతడు మారును అని చెప్పి తెల్లవారకముందే పంపివేయుదురు. ఆమె వెళ్లును. రెండవసారి వచ్చునప్పుడు చేయి విరిగియుండును. మూడవసారి కొందరు రారు. ఈ మాట చెప్పి పంపిన పెద్దలు ఆ వాక్యమును ఆయుధముగా చేసి ఆ మనిషి చేతికి ఇచ్చినవారే. భార్యను బలహీనమైన పాత్రగా ఎరిగి ఆమెను సన్మానింపుమని, లేనియెడల నీ ప్రార్థనలకే ఆటంకము కలుగునని పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయము 7వ వచనములో భర్తలకు వ్రాసెను. కొట్టినవానికి ఆ వచనమును చదివి వినిపించిన పెద్ద ఎక్కడ? అతడు ఆదివారము ముందు వరుసలో కూర్చుండి కానుకపళ్లెము పట్టుకొని తిరుగుచుండగా, ఆమె మాత్రము వెనుక గోడకు ఆనుకొని చెంగుతో గాయమును కప్పుకొనుచున్నది. 2005లో గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కలిగించు చట్టమును మన దేశము చేసినది. ఆమెను వైద్యునియొద్దకును, అవసరమైనచో పోలీసుల యొద్దకును తోడుకొనిపోవుట విశ్వాసమునకు విరోధము కాదు. పౌలు కూడ తన ప్రాణమునకు అపాయము కలిగినప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునని అడిగెను గదా.

దేశ చట్టమే మంచిది, సంఘమే చెడ్డది అని నేననుట లేదు. క్రైస్తవుల పేరనే 1869లో చేసిన విడాకుల చట్టమును చూడుము. భార్య వ్యభిచరించెనని రుజువుచేసిన భర్తకు చాలియుండెను. భార్య విడిపోవలెనన్నచో భర్త వ్యభిచారమును మాత్రమే చూపిన చాలదు. దానితోపాటు క్రూరత్వమో, విడనాడుటయో మరియొక దోషమును కూడ చూపవలసియుండెను. ఈ రెండు తూకపురాళ్లు 2001 వరకు నిలిచియున్నవి. తూనికలో రెండు రాళ్లు పెట్టుకొనుట యెహోవాకు హేయమని సామెతల గ్రంథము చెప్పుచున్నను, నూట ముప్పది సంవత్సరములకు పైగా వేదికలమీద ఎంతమంది ఈ సంగతి ఎత్తిరి?

ఆదికాండమునకు పోదము, విరోధులు అక్కడికే పోవుదురు గనుక. స్త్రీ సహాయముగా చేయబడెను, సహాయము చేయునది క్రిందిదే గదా అని వారి వాదము. హెబ్రీ భాషలో అక్కడనున్న మాట ఏజెర్. పాతనిబంధనలో ఆ మాట ఎక్కువ పర్యాయములు దేవునిగూర్చియే చెప్పబడినది. మోషే తన కుమారునికి ఎలీయెజెరు అని పేరు పెట్టినది ఆ సహాయమును బట్టియే. కొండలవైపు కన్నులెత్తిన కీర్తనకారుడు ఎదురుచూచినది ఆ సహాయమునే. సహాయము చేయువాడు క్రిందివాడైనచో దేవుడు మనకు క్రిందివాడా?

ఇక పురుషుడు స్త్రీని ఏలునను మాట 3వ అధ్యాయములోనిది. పాపము ప్రవేశించిన తరువాత కలిగిన శ్రమల జాబితాలో అది యున్నది. ఆ జాబితాలోనే నేల ముండ్లతుప్పలను మొలిపించుననియు, మనుష్యుడు చెమటోడ్చి తినుననియు ఉన్నది. చేనిలో ముండ్లు మొలచిన రైతు ఏమి చేయును? కొడవలి తీసికొని నరికివేయును. దేవుడు మొలువనిమ్మన్నాడు, వీటిని పెరుగనియ్యవలెను అనునా? చెమట తగ్గించుకొనుటకు ట్రాక్టరు కొనును, కాన్పు నొప్పికి ఆసుపత్రికి తీసికొనిపోవును. శాపములో ప్రతిదానిని తొలగించుకొనుటకు పాటుపడు మనుష్యుడు, తనకు లాభమైన ఒక్క శాపమునకు మాత్రము నీళ్లుపోసి పెంచుకొనుచున్నాడు. ఆ పంటను దేవుని కట్టడ అని పిలుచుచున్నాడు!

ఇంటిలో జరిగినదే దేవాలయములోను జరిగినది. ఇక్కడ కూడ ఒక వచనమును పట్టుకొని దాని ఇరుగుపొరుగు వచనములను మరచితిమి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో స్త్రీలు సంఘమున మౌనముగా నుండవలెనని యున్నది. నిజమే. ఆ మౌనమను మాట ఆ అధ్యాయములో ఎన్నిసార్లున్నది? మూడుసార్లు. 28వ వచనములో భాషలతో మాటలాడువాడు, అర్థము చెప్పువాడు లేనప్పుడు మౌనముగా నుండవలెను. 30వ వచనములో ప్రవచించుచున్నవాడు, ప్రక్కవానికి బయలుపరచబడినప్పుడు మౌనముగా నుండవలెను. 34వ వచనములో స్త్రీలు. మూడుచోట్లను గ్రీకులో ఒకటే క్రియ. మొదటి రెండు మౌనములు ఆ గడియకు మాత్రమే. గడియ దాటిన తరువాత ఆ మనుష్యుడు మాటలాడవచ్చును. మూడవది మాత్రము పుట్టినది మొదలు చచ్చువరకు నిలుచునని ఎవరు చెప్పిరి? మూడు మౌనములును క్రమమునకై చెప్పినవే; ఆ అధ్యాయమంతయు ఆరాధనలో గందరగోళమును గూర్చినదే.

అదే పత్రికలో మూడు అధ్యాయములు వెనుకకు తిరుగుము. 11వ అధ్యాయము 5వ వచనములో స్త్రీ ప్రార్థన చేయునప్పుడు, ప్రవచించునప్పుడు తల కప్పుకొనవలెనని పౌలు చెప్పుచున్నాడు. తల ఎప్పుడు కప్పుకొనవలెను? నోరు తెరచి సంఘములో ప్రార్థించునప్పుడు, ప్రవచించునప్పుడు! మాటలాడని స్త్రీకి ఆ ముసుగు నియమముతో పనియే లేదు. మనమేమి చేసితిమి? ముసుగును ఉంచితిమి, మాటను తీసివేసితిమి. నేడు మన స్త్రీలు కొంగు తలమీద వేసికొని, దేవాలయములో ఎడమవైపున చాపమీద కూర్చుండి, ఆరాధన యంతయు నోరు మూసికొని యుందురు. ఇదే వాక్యానుసారమని సంతోషించుచున్నాము.

తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయమున్నది గదా అందురు. ఉన్నది; దానిని దాచవద్దు, అందరము కలిసి చదువుదము. 8వ వచనములో పురుషులు కోపమును తగవును లేక ప్రార్థింపవలెనని యున్నది. సంఘ కమిటీ ఎన్నికల దినమున ఈ వచనము ఎక్కడికి పోయెను? 9వ వచనములో స్త్రీలు బంగారముతోను ముత్యములతోను అలంకరించుకొనరాదని యున్నది. పెండ్లిలో బంగారము తూచి పుచ్చుకొన్న మామగారికి ఈ వచనము కనబడలేదా? 12వ వచనము మాత్రము అందరికిని కంఠపాఠము. అదే అధ్యాయములో స్త్రీ నేర్చుకొనవలెనని 11వ వచనము చెప్పుచున్నది. ఆ వాక్యములో ఆజ్ఞారూపమున నున్న క్రియ అదియే. ఆ దినములలో బోధకుని పాదములయొద్ద కూర్చుండుట పురుషుల హక్కు. పౌలు గమలీయేలు పాదములయొద్ద కూర్చుండెను. బేతనియ మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండినప్పుడు ఆయన ఆమెను వంటయింటికి పంపలేదు. ఇక 12వ వచనములో అధికారము చేయుటకు పౌలు వాడిన గ్రీకు మాట క్రొత్తనిబంధన యంతటిలో మరి యెక్కడను లేదు. ఒక్కచోట మాత్రమే కనబడు మాటమీద, దాని అర్థమును గూర్చి పండితులు ఇంకను వాదించుకొనుచుండగా, సగము సంఘము నోరు కట్టివేయుట తెలివియేనా?

ఆ పత్రిక వ్రాయబడినప్పుడు తిమోతి ఎక్కడ నుండెను? ఎఫెసులో. తప్పుబోధను అరికట్టుటకు పౌలు అతని నక్కడ ఉంచెనని 1వ అధ్యాయమే చెప్పుచున్నది. ఆ ఎఫెసులోనే అంతకుముందు ఏమి జరిగెనో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చూడుము. అపొల్లో విద్వాంసుడు, లేఖనములయందు ప్రవీణుడు. అతని బోధలో కొరతయుండగా ప్రిస్కిల్ల, అకుల అతనిని చేర్చుకొని దేవుని మార్గమును మరి పూర్తిగా విశదపరచిరి. స్త్రీ పేరే ముందున్నది. ఈ దంపతుల పేర్లు క్రొత్తనిబంధనలో ఆరుచోట్ల వచ్చుచున్నవి. నాలుగుచోట్ల ఆమె పేరే ముందు. మన శుభలేఖలలో భార్య పేరు భర్త పేరు క్రింద నలిగి, ఒక్కొక్కసారి శ్రీమతి అను మాట తప్ప మిగులదు. స్త్రీ బోధించుట పౌలునకు పాపమైనచో, ఆమెను తన జతపనివారిలో నొకతెగా రోమీయుల పత్రికలో పేర్కొని వందనము పంపునా?

ఆ రోమీయుల పత్రిక 16వ అధ్యాయమును మనము పేర్ల పట్టిక అని దాటిపోవుదుము. కూర్చుండి లెక్కపెట్టుము. అందులో పదిమంది స్త్రీలున్నారు. మొదటిది ఫీబే. మన తెలుగు బైబిలు ఆమెను పరిచారకురాలనుచున్నది. మన చెవికి అది ఇంటిపని చేయు మనిషి అన్నట్లు వినబడును. గ్రీకు మాట దియాకొనొస్. అదే మాట పౌలు తనకును అపొల్లోకును, తుకికునకును వాడెను. వారిని గూర్చి చదువునప్పుడు సువార్త సేవకుడని గంభీరముగా అర్థము చెప్పి, ఫీబే దగ్గరకు రాగానే చీపురు ఇచ్చెదమా? ఆ మహా పత్రికను కెంక్రేయనుండి రోమాకు కొనిపోయినది ఆమెయే అని అనేకమంది పండితులు తలంచుచున్నారు. యూనీయ అను పేరు కూడ అక్కడున్నది. అపొస్తలులలో ఎన్నదగినవారిలో ఆమెయు నొకతె అని గ్రహించి, 407లో మరణించిన క్రిసొస్తొము ఆమెను మిక్కిలి పొగడెను. అతడు నేటికాలపు వాడు కాడు, స్త్రీల పక్షమున వాదించుటకు పేరుపొందినవాడును కాడు.

పౌలు స్త్రీద్వేషి, అతని పత్రికలను మూసివేసి ముందుకు పోవుదము అనువారు పట్టణములలో కొందరున్నారు. వారితో నాకు పొత్తు లేదు. వారును, పెండ్లిపందిటిలో 22వ వచనము పట్టుకొన్న పెద్దలును ఒకే తప్పు చేయుచున్నారు. ఇద్దరును సగమే చదువుచున్నారు.

మన తెలుగు సంఘ చరిత్రను కూడ సగమే చదువుచున్నాము. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ప్రార్థించినవారు అయిదుగురు. జూయెట్ దొరగారిని తలంచుకొందుము. మిగిలిన నలుగురిలో నర్సు ఒకడు. తక్కిన ముగ్గురు స్త్రీలు: దొరసానిగారు, జూలియా, రూతు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు ఆ కొండమీది ప్రార్థనను అందరు జ్ఞాపకము చేసికొనిరి. ఆ ప్రార్థనలో సగమునకు మించినది స్త్రీలదే. ఆ తరువాత మిషను దొరసానులతోపాటు వాడవాడ తిరిగి, పురుషులు గడప దాటలేని యిండ్లలోనికి లేఖనమును కొనిపోయిన బైబిలు స్త్రీలెవరు? నెలజీతము కొద్దిరూపాయలు, చేతిలో గొడుగు, సంచిలో సువార్త పుస్తకములు. వారు బోధించిరి. ఆ బోధవలన మారుమనస్సు పొందిన యింటి కుమారులే నేడు వేదికమీద నిలువబడి స్త్రీ బోధింపరాదనుచున్నారు. పండిత రమాబాయి హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని బైబిలు నంతటిని మరాఠీలోనికి తర్జుమా చేసి 1922లో ప్రభువునొద్దకు చేరినది. ఆమె ఆ బైబిలు పట్టుకొని మన దేవాలయమునకు వచ్చినయెడల చాపమీద కూర్చుండి వినుమందుమా?

మార్పు రాలేదని నేననను. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమునకు 2013లో మొదటిసారిగా ఒక స్త్రీ బిషపు అయినది. ఆమె నంద్యాల అధ్యక్షమండలమునకే బిషపైనది, పేరు పుష్పలలితగారు. మన తెలుగునేలమీదనే అది జరిగినది. అయినను అనేక పల్లె సంఘములలో స్త్రీకి మిగిలిన సేవ ఏది? ప్రతిదినము వంటకు ముందు గుప్పెడు బియ్యము కుండలో వేసి కానుక తెచ్చుట, పండుగకు దేవాలయమును అలుకుట, పాట ఎత్తుట. కప్పు వేయుటకు రొక్కము కావలసినప్పుడు ఆమె సేవ అందరికిని జ్ఞాపకమునకు వచ్చును. ఆ రొక్కము ఖర్చుపెట్టు కమిటీలో ఆమె పేరుండదు. ఉన్నను సంతకము పెట్టి లేచి వెళ్లవలసినదే.

ఫీబే రోమాకు వచ్చినప్పుడు ఆమెకు ఏమి చేయవలెనని పౌలు ఆ సంఘమునకు వ్రాసెను? పరిశుద్ధులకు తగినట్లు చేర్చుకొనుమనియు, ఆమెకు ఏ కార్యములో మీ సహాయము అక్కరయైనను దానిని చేయుమనియు కోరెను. ఆమె చేయదగిన కార్యము లిన్నియే యని అక్కడ కొలత వేసి వ్రాయలేదు. మీ సంఘములో వాక్యము చెప్పగల సహోదరి యెవరో మీకందరికిని తెలిసియే యున్నది. ఆదివారపు బడిలో మీ బిడ్డలకు చెప్పునది ఆమెయే. ఆమె మిమ్మును అడుగునది కూడ పెద్దది కాదు. ఆరాధనలో పది నిమిషములు, కమిటీలో ఒక కుర్చీ, తన అక్క రాత్రివేళ బిడ్డతో వచ్చి తలుపు తట్టినప్పుడు తిరిగి పంపివేయని ఒక పెద్ద.